జెర్బెరాల వేళ

ఆఫీసు నుంచి ఇంటికి వచ్చాక, చెప్పులు విప్పకముందే గేటు దగ్గర నిలబడి వింటాను. లోపల టీవీ మోగుతుంటే ఆ మోత కింద, కుక్కర్ కూస్తుంటే ఆ కూత వెనక, ఇంకో శబ్దం ఉందేమోనని చెవులు రిక్కిస్తాను. మా పాప ఊపిరి వదిలేటప్పుడు వచ్చే సన్నటి ఈల అది. వినిపించకపోతే చెప్పులు విప్పుతాను. ఒక్కోసారి అప్పటికీ నమ్మకం కుదరదు. పాపను దగ్గరికి లాక్కుని వీపుకు చెవి ఆనిస్తాను. "మమ్మీ, నేను మంచిగనే ఉన్న, వదులు" అని గింజుకుంటుంది.

భయపడటంలో నన్ను మించినవాళ్ళు మా జల్‌పల్లి కాలనీలో లేరంటాడు మా ఆయన. ఆయన కరెంటు స్తంభాలెక్కే మనిషి. భయాన్ని అక్కడే స్తంభం మీద వదిలేసి వస్తాడు, ఇంటికి తెచ్చుకోడు. "ఊకె ఫికర్ జేస్తవేందే? పిల్లలన్నంక దగ్గుతరు, తుమ్ముతరు" అని రెండు ముక్కల్లో తేల్చేసేవాడు. మా అత్తమ్మకు చెవులు మందం. గేటు ధనధనా బాదితే తప్ప తలెత్తదు. ఇక ఆ సన్నటి ఈల ఆమెకెక్కడ వినపడుతుంది? ఇంట్లో ఉన్నది నలుగురం, ఆ శబ్దాన్ని వినేది నేనొక్కదాన్నే. నాకు ఎక్కువ భయమేసింది ఆ జబ్బంటేనా, ఒక్కదాన్నే కాపలా ఉండటమంటేనా అని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

పాప మూడో తరగతిలో ఉండగా చలికాలంలో అది మొదలైంది. సైదాబాద్‌లో పిల్లల డాక్టరుకు చూపించాం. ఆస్తమా అన్నాడు. నోట్లో పెట్టుకుని పీల్చే పంపు రాసిచ్చాడు. దేనివల్ల వస్తుందో చెప్పలేమనీ, ఇంటింటికీ ఒక్కో కారణం ఉంటుందనీ చెప్పి వరసగా వల్లించాడు: దుమ్ము, పూల పుప్పొడి, కుక్కల బొచ్చు, చలిగాలి, పొగ. "ఇంట్లో పొగ తాగేవాళ్ళున్నారా?" అని అడిగాడు. "లేరు సార్" అన్నాం ఇద్దరం ఒకేసారి, కొంచెం గర్వంగానే. మా ఆయనకు బీడీ వాసన సోకితే తలనొప్పి వస్తుంది. డాక్టరు తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళు పరుగులూ గంతులూ వద్దన్నాడు. గల్లీ పిల్లలు సాయంత్రమైతే గోల గోలగా ఆడుతుంటే మా పాప గేటు ఊచలు పట్టుకుని చూసేది. ఒకసారి డాక్టరు దగ్గరి నుంచి వస్తుంటే రోడ్డు పక్క నర్సరీలో ఎర్రటి పూలు కనిపించాయి. సన్నటి ఆకుల్లేని కాడ మీద అరచేతంత పువ్వు. "గవి కావాలె మమ్మీ" అంది. జెర్బెరాలన్నారు. పాప దేన్నైనా అడగడం మానేసి చాలా రోజులైంది. బేరం కూడా ఆడకుండా కొన్నాను.

మా ఇంటి ముందు జాగా ఎంతంటే, స్కూటర్ పెడితే మనిషి పక్కవాటుగా నడవాలి. నేలంతా మొరం, పార దిగదు. అందుకని కుండీలే గతి. మొదటి మొక్కను మా చేతులారా చంపుకున్నాం. మాకు తెలిసింది వంగ నారు నాటడం. అది ఎంత లోతుగా దిగితే అంత గట్టిగా నిలుస్తుంది. అదే లెక్కన జెర్బెరాను కూడా మెడ దాకా మట్టిలో కూరి, చుట్టూ వేళ్ళతో అదిమి, పైనుంచి చెంబెడు నీళ్ళు గుమ్మరించాం. దాని ఆకులు ముల్లంగి ఆకుల్లా నేలబారుగా, అన్నీ ఒకే చోటి నుంచి వస్తాయి. ఆ చోటు మట్టిపైనే ఉండాలట, అక్కడ నీళ్ళు నిలవకూడదట. మాకా సంగతి మొక్క కుళ్ళి, పట్టుకుంటే గుత్తిగా చేతిలోకి ఊడి వచ్చాక తెలిసింది. పాప వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపుతో ఊపిరి బిగుసుకుంటుందేమోనని నేను పంపు పట్టుకుని దాని వెంటే తిరిగాను. బిడ్డను తనివితీరా ఏడవనివ్వడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

మళ్ళీ కొన్నాం. ఈసారి ఎర్రమట్టిలో ఇసుకా, మాగిన పేడ ఎరువూ కలిపి, మొక్క మొదలు తేలి ఉండేలా నాటాం. పాపే నీళ్ళ బాధ్యత తీసుకుంది. చిన్న స్టీలు గ్లాసుతో కుండీ అంచు వెంట, ఆకు తడవకుండా, కొంచెం కొంచెంగా పోసేది. పోసేముందు మట్టిలో వేలు గుచ్చి చూసేది. ఎండిన ఆకులు తీసేది. ఆకుల కింద నత్తలుంటే ఏరి గోడ అవతల పారేసేది. పొద్దున పోస్తేనే మంచిదని అందరూ అన్నారు గానీ మా గల్లీలో నల్లా వచ్చేదే పొద్దుగూకే వేళ. బకెట్ నిండటం, కుండీలన్నీ చుట్టిరావడం, నత్తల వేట ముగిసేసరికి చీకటి పడేది. అప్పుడే లోపలికి వచ్చేది.

ఇదంతా నేను కళ్ళతో చూసింది తక్కువ. నయాపూల్ దగ్గర కోర్టులో టైపిస్టును. ఆ వేళకు నేను బస్సులో ఉంటాను, చాంద్రాయణగుట్ట ట్రాఫిక్‌లో కడ్డీ పట్టుకుని వేలాడుతూ. ఇంటికొచ్చేసరికి పాప కాళ్ళు కడుక్కుని పుస్తకం ముందు కూర్చునేది. ఇల్లంతా సన్నగా ఊదు వాసన ఉండేది. అత్తమ్మ రోజూ సందెవేళ నిప్పుల మీద ఊదు, అదే సాంబ్రాణి, వేస్తుంది. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ నియమం తప్పలేదు. బస్సులో పదిమంది చెమట వాసన మోసుకొచ్చిన నాకు గుమ్మంలోనే ఆ వాసన తగిలితే ప్రాణం లేచొచ్చినట్టుండేది.

అత్తమ్మకు జెర్బెరాలంటే లెక్కలేదు. "వాసన లేదు. దేవునికి పెట్టరాదు, తలల పెట్టరాదు. పైన పటారం, లోన లొటారం. ఫంక్షన్ హాల్ పువ్వు" అని తీసిపారేసేది. అయినా గేటు సందులోంచి మేక మూతి పెడితే చీపురు పట్టుకుని లేచేది.

మొదట ఎర్రవి, తర్వాత నారింజ రంగువి, పసుపువి పూశాయి. ఆకుల మధ్య నేలకంటుకుని గుండీ అంత మొగ్గ కనబడితే పాప నాకు ఫోన్ చేసేది. ఎండలు ముదిరాక నా పాత చున్నీ పైన పందిరిలా కట్టాం. ఆ నెలల్లో పంపు అల్మారాలోనే ఉండిపోయింది. నేను మాత్రం సంతోషించలేదు. "మంచిగైంది" అని నోరుజారితే ఎక్కడ దిష్టి తగులుతుందోనని ఆ మాట మనసులో కూడా అనుకోకుండా మింగేశాను.

వానలు పట్టుకున్నాయి. ముసురు ఆగకుండా కురుస్తుంటే కుండీలను మెట్ల కిందికి లాగేశాం. నీళ్ళు పోసే పని లేదు. పాప ఇంట్లోనే ఉంది. ఆ వారమే వచ్చింది దాడి. నేను బస్సు దిగి వచ్చేసరికి గేటు దాకా వినిపించింది ఈల. లోపలికి పరుగెత్తాను. మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంట పడుతోంది. "మమ్మీ" అనడానికి కూడా మధ్యలో ఆగింది. పంపుతో తగ్గలేదు. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ముఖానికి మాస్కు పెట్టి మందు పట్టాక ఎప్పటికో పెదాలకు రంగొచ్చింది. ఆ ఆటోలో నేను మొక్కని దేవుడు లేడు. గల్లీ చివర దర్గాకు కూడా మొక్కాను.

మర్నాడు చూస్తే పాప గౌను మీద పసుపు పొడి. వానకు పూలు పాడయ్యాయేమో చూద్దామని ముందురోజు మెట్ల కింద దూరి వాటి మధ్య ఆడుకుందట. డాక్టరు చెప్పిన పుప్పొడి నా చెవిలో గంట కొట్టినట్టు మోగింది. నాకు దొంగ దొరికాడు. భయపడే మనిషికి దొంగ దొరకడమంత హాయి మరొకటి ఉండదు. ఆ సాయంత్రమే కుండీలన్నీ ఎదురింటి ఖాలా ఇంటికి చేర్చాను. గల్లీ అంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలుస్తుంది, వాళ్ళ మేడ మీద బోలెడు జాగా ఉంది. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడమంటారు. నాకు అత్త మీద కోపం కూడా లేదు, దుత్తలు మాత్రం వెళ్ళిపోయాయి. పాప ఎదురు చెప్పలేదు. ఖాలాకు మాత్రం ఒక మాట చెప్పుకుంది: "అంచుకే పొయ్యాలె. నడుమల పోస్తే సచ్చిపోతయి."

తగ్గుతుందని కాచుకున్నాను. తగ్గలేదు సరికదా, ముదిరింది. ఏదో ఒక సాయంత్రం ఈల, పంపు, మళ్ళీ డాక్టరు, ఆయన రాసిచ్చిన రోజూ పీల్చే ఇంకో మందు. దూది దిండ్లు తీసేశాను. బొచ్చు బొమ్మలన్నీ పాప చూడకుండా మూటగట్టాను. చీపురు పట్టనివ్వకుండా తడిగుడ్డతోనే తుడవమన్నాను. తలుపు వేసే చప్పుడు గట్టిగా అయితే చాలు, మా ఆయన మీద విరుచుకుపడేదాన్ని. ఆఫీసులో టైపు చేస్తుంటే ఫోన్ మోగితే వేళ్ళు గడ్డకట్టేవి. ఎవరైనా నవ్వుతూ మాట్లాడితే కోపం వచ్చేది. వీళ్ళకేం, వీళ్ళ పిల్లలకు ఊపిరాడుతోంది అనుకునేదాన్ని. అలా అనుకున్నందుకు మళ్ళీ భయపడేదాన్ని.

దసరా సెలవులు వచ్చాయి. చాలా రోజుల తర్వాత పొద్దుగూకే వేళకు నేను ఇంట్లో ఉన్నాను. పాప మంచం మీద బొమ్మలేసుకుంటోంది. అత్తమ్మ లేచి, దోమలొస్తాయని కిటికీలన్నీ మూసింది. వెనక తలుపు కూడా బిగించింది. దేవుడి దగ్గర దీపం పెట్టింది. పొయ్యి మీద కాలిన బొగ్గులను మట్టి మూకుడులోకి ఎత్తి, పిడికెడు ఊదు చల్లింది. గుప్పున లేచింది పొగ. మూల మూలకూ తిప్పింది. తలుపుల వెనక, మంచాల కింద, బట్టల దండెం దగ్గర. చివరికి పాప దగ్గరకొచ్చి, దాని తల చుట్టూ మూడుసార్లు తిప్పి, రెండు ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసింది. ఘాటుకు పాపా నేనూ కలిసి దగ్గాం. అత్తమ్మ ముఖం విప్పారింది. "ఘాటు కొట్టింది, దిష్టి లేదు. పిల్లకు పాణం మంచిగ లేదని రోజు రెండేస్తున్న" అంది.

నేను నిలబడిపోయాను. బొగ్గులు చల్లారకముందే వినిపించింది. సన్నగా, ఈల.

అప్పుడు ఒక్కసారిగా నాకు కళ్ళముందు కనిపించింది, నేనెప్పుడూ చూడని ఆ వేళ. ఈ కిటికీలు మూసి, ఈ పొగ ఇల్లంతా తిరిగే సమయానికి పాప ఇన్ని నెలలూ బయట ఉండేది. గ్లాసు పట్టుకుని, మట్టిలో వేలు గుచ్చుకుంటూ, నత్తల కోసం వెతుక్కుంటూ ఉండేది. పొగ సర్దుకున్నాకే లోపలికి వచ్చేది. వానకు ఇంట్లో కూర్చున్న వారమే జబ్బు పడింది. పూలను పంపేశాక రోజూ ఈ గదిలోనే ఉంది. డాక్టరు పొగ అన్నప్పుడు మేం సిగరెట్ అనుకున్నాం. ఊదును పొగ అని మా ఇళ్ళలో ఎవరు అనుకుంటారు?

నెమ్మదిగా చెప్పి ఉండొచ్చు. నాకు నెమ్మది ఎక్కడిది? పట్టుకారుతో మూకుడు పట్టుకెళ్ళి గేటు బయట పెట్టేశాను. కిటికీలు ధడేలున తెరిచాను. అత్తమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"ఏందే గిది? దేవుని నిప్పు గుమ్మం బయట పెడ్తవా?"

"పొగకే అత్తమ్మా! పిల్లకు ఊపిరి ఆడుతలేదు ఈ పొగకే!" అని ఆమె చెవి దగ్గర అరిచాను.

"ఊదు పొగకా? నీ మొగుణ్ణి గీ పొగలనే పెంచిన. వానికేమైంది? స్తంభాలెక్కుతుండు. దేవుని పొగ పిల్లను తింటదా? దగ్గు గదే, దగ్గుకు గింత లొల్లి జేస్తవు!"

దగ్గు! ఏడాది నుంచీ నేను ఈల అని చెబుతున్నది ఆమెకు వట్టి దగ్గుగానే అర్థమైందన్నమాట. ఆమె చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. పాప గౌను వెనక గుండీలు విప్పి, ఆ గరుకు అరచేతిని దాని వీపు మీద, రెక్కల నడుమ ఆనించి, కదలకుండా పైన నా చెయ్యి పెట్టాను.

అత్తమ్మ మొదట విదిలించుకోబోయింది. తర్వాత ఆగింది. ఆమె ముఖం మెల్లగా మారిపోయింది.

"ఇదేంది... లోపట గురగురమంటుంది. పిల్లి లెక్క."

"గదే అత్తమ్మా. నాకు రోజూ వినబడేది గదే."

పాపకు పంపు ఇచ్చాను. అత్తమ్మ చెయ్యి తీయలేదు. గురగుర తగ్గుతుంటే ఆమె వేళ్ళకు తెలుస్తోంది. పూర్తిగా సద్దుమణిగేదాకా అలాగే వంగి నిలబడింది. తర్వాత వెళ్ళి తన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. తప్పంతా నీదేనని నేనన్నట్టు ఆమెకు తోచిందేమో. నేను ఆ మాట అనలేదు. కానీ లేదని చెప్పడానికి కూడా ఆ పూట నాకు నోరు రాలేదు.

మర్నాడు సందెవేళ దీపం మాత్రమే పెట్టింది. "దేవునికి దీపం సాలు" అంది, ఎవరూ అడగకపోయినా. కిటికీలు తెరిచే ఉన్నాయి. అయితే ఆ వేళకు ఆమె చేతులకు పని లేకుండా పోయింది. వంటింటికి వెళ్ళేది, వచ్చేది, చీర కుచ్చిళ్ళు సర్దుకునేది, మళ్ళీ వంటింటికి వెళ్ళేది. నాకు చూడబుద్ధి కాలేదు. అలా కొన్నాళ్ళయ్యాక ఒకరోజు హఠాత్తుగా అడిగింది: "ఆ పూలకుండీలు ఖాలా దగ్గర్నే ఉన్నయా?"

ఇచ్చిన వస్తువును తిరిగి అడగడమంటే మా ఇళ్ళలో చచ్చేంత నామోషీ. కూర గిన్నె వెనక్కి రాకపోయినా అడగం. నేను అడుగుతానంటే అత్తమ్మ వద్దంది. "పెద్దదాన్ని నేను, నేనే అడుగుత" అని కొంగు భుజం మీదికి లాక్కుని బయల్దేరింది. వెనకే నేనూ పాపా వెళ్ళాం. ఖాలా తలుపు తీసింది. అత్తమ్మ నేల చూస్తూ, చెవిటివాళ్ళకు అలవాటైన పెద్ద గొంతుతో, గల్లీ అంతా వినేలా అంది:

"ఆపా, ఇచ్చినయి అడుగొద్దు. గని పిల్ల కోసం అడుగుతున్న. ఆ చెట్లు మళ్ళ ఇస్తవా?"

ఖాలా ఆశ్చర్యపోయింది. "ఇచ్చిండ్రా? నాకెవరిచ్చిండ్రు అక్కా? నేను అమానత్ అనుకోని, దాసిపెట్టమన్నరనుకోని పెట్టుకున్న. బచ్చీ తబియత్ మంచిగైనంక తీస్కపోతదని రోజు నీళ్ళు పోసిన." అత్తమ్మకు వినబడలేదని ఆమె చెవి దగ్గరకొచ్చి ఇంకోసారి చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి పాపతో అంది: "ఒకటి వానకు మురిగిపోయింది బేటా. మాఫ్ చెయ్యి. అంచుకే పోసిన, నిజంగ."

కుండీలు తలా ఒకటి మోసుకొచ్చాం. అత్తమ్మ అన్నిటికన్నా బరువైనదాన్ని ఎత్తుకుంది, వద్దన్నా వినలేదు.

డాక్టరుకు ఊదు సంగతి చెప్పాను. ఆపి మంచిపని చేశారన్నాడు, రోజూ పీల్చే మందు మాత్రం ఆపొద్దన్నాడు. జబ్బు పోయిందని అనలేదు, నేనూ అడగలేదు. పాప మళ్ళీ సందెవేళ గ్లాసు పట్టుకుంటోంది. పక్కనే మెట్టు మీద అత్తమ్మ కూర్చుంటుంది. కాసేపటికోసారి పాపను పిలిచి వీపు మీద అరచెయ్యి ఆనిస్తుంది. "నాయినమ్మా, గిలి అయితది" అని అది మెలికలు తిరిగినా వదలదు.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం, నేను వంటింట్లో ఉన్నాను. కుక్కర్ కూస్తోంది, మిక్సీ తిరుగుతోంది. గల్లీ చివర ఎవరో చెత్త తగలబెట్టారట, నాకు తెలియదు. బయటి నుంచి అత్తమ్మ అరుపు మిక్సీ మోతను దాటి వచ్చింది.

"బిడ్డా! పంపు తే! గురగురమంటుంది!"

పంపు పట్టుకుని పరుగెత్తాను. పాప బాగానే ఉన్నట్టు కనిపించింది, చేతిలో గ్లాసుతో. వీపుకు చెవి ఆనించాను. నాకేమీ వినబడలేదు. అత్తమ్మకు పొరపాటై ఉంటుందనుకున్నాను. ఊపిరి బిగబట్టి మళ్ళీ విన్నాను. పాప ఊపిరి వదిలే చిట్టచివర, ఉందా లేదా అన్నంత సన్నగా ఉంది ఆ ఈల. నాకన్నా ముందు ఆమె అరచెయ్యి పట్టేసింది.

పంపు ఊపి అందించాను. పాప రెండుసార్లు పీల్చింది. మేమిద్దరం చెరోవైపు కూర్చున్నాం, వీపు మీద ఆమె చెయ్యి, పక్కనే నా చెవి. ఎందుకో నాకు ఏడుపు ఆగలేదు. అత్తమ్మ నన్ను గదమాయించింది.

"ఏడుస్తవేందే? తగ్గుతుంది. నేను సూస్తున్న గద."

ఆమె గొంతులో కూడా వణుకుంది. అది విని, కాపలాకు ఇంకొకరున్నారనిపించి, ఆ ఏడాదిలో మొదటిసారి, నేను కళ్ళు మూసుకున్నాను.